పరాయి గ్లాసు

కిందటి వారం మన కథ అక్క ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఆగింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ఇంటి గడప తొక్కిన చెల్లెలు, అక్క తన చేత్తో పోసిచ్చిన వైన్ ఒక్క గుక్క తాగి, గ్లాసు పక్కకి జరిపి, "అక్కా, ఇది బాగాలేదు. ఇదొక్కటే కాదు, నువ్వు పోసినవేవీ బాగాలేవు" అనేసింది. అక్క లేచి వెళ్ళి గది తలుపేసుకుంది. గుర్తుంది కదా?

ద్రాక్షతోట, ఇంటి వెనక రాతి నేలమాళిగ, అందులో వరసలు తీరిన వైన్ పీపాలు. నాన్న పోయాక ఇవన్నీ ఒంటిచేత్తో ఈదుకొస్తున్నది అక్కే. పెళ్ళీ పెటాకులూ లేవు, ఊరూ వాడా లేవు, ఆ మాళిగే లోకం. మరి ఆ మాళిగకి వచ్చే కొనుగోలుదార్లు ఏడాదికొకరు చొప్పున "ఈ ఏటికి వద్దులెండి" అని మర్యాదగా జారుకుంటూ వచ్చారు. చివరికి మిగిలింది ముక్కాయనొక్కడే. ఆ పేరు నాన్న పెట్టింది. ముక్కు గ్లాసులో దింపాడంటే ఆ వర్తకుడికి ద్రాక్ష పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలిసిపోతాయని. నాన్నతో ఉన్న స్నేహం కొద్దీ ఆయన ఇంకా వస్తున్నాడు. ఇవాళ మధ్యాహ్నమే వస్తున్నాడు. ఆయన కూడా తల అడ్డంగా ఊపాడా, తోట పక్కవాళ్ళ చేతికి పోతుంది, వాళ్ళు నాన్న నాటిన తీగలన్నీ పీకించి గోదాములు కడతారు. ఇది అక్కకీ తెలుసు, చెల్లెలికీ తెలుసు.

తెల్లారింది. ఏడ్చిన కళ్ళు ఏడ్చినట్టు కనపడకూడదని అక్క చన్నీళ్ళతో మొహం కడుక్కుని, పీపాల తాతని పిలిచి పని పురమాయించింది. తాత నాన్న కాలం నుంచీ ఉన్న మనిషి. చెవులు కాస్త మందం గానీ చేతులు మహా చురుకు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, ఎందుకని అడగడు.

"కొత్త షెడ్డు అద్దంలా ఉండాలి తాతా! ముక్కాయన అడుగుపెట్టేసరికి కొత్త పీపాలు నిండి వరసగా కనపడాలి!" అని చెవి దగ్గర అరిచి, ఏది తర్వాత ఏది చెయ్యాలో వేళ్ళు మడిచి మరీ చెప్పింది. తాత తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. కాసేపయ్యాక షెడ్డువైపు నుంచి పంపు మోత మొదలైంది.

ఎండ కిటికీ ఎక్కేవేళకి అక్క రుచిగదిలోకి వచ్చింది. తెల్లరాతి బల్ల, రెండు కుర్చీలు, ఉమ్మడానికి ఓ ఇనప తొట్టి, అంతే ఆ గదిలో సామాను. వాసన రాకుండా అక్కడ పువ్వు పెట్టరు, సబ్బు వాడరు. బల్ల మీద అప్పుడే నాలుగు నల్ల గ్లాసులు పెట్టి ఉన్నాయి. బల్లకి అవతల చెల్లెలు కూచుని ఉంది.

"రా అక్కా, కూచో."

"నీ పరీక్షలకి నాకు తీరిక లేదే. ముక్కాయన వచ్చే వేళవుతోంది."

"ఆయన కూచోబెట్టి అడగడూ? నన్నే ముక్కాయన అనుకో. నాన్న పద్ధతిలోనే చూద్దాం. పరాయి గ్లాసు కూడా పెడతాను."

పరాయి గ్లాసు! ఆ మాట విని ఎన్నాళ్ళయిందో అక్కకి. నాన్న వారం వారం రుచి చూడ్డానికి కూచున్నప్పుడు తన వైన్ల మధ్య ఊరవతలి వాళ్ళెవరిదో వైన్ ఒకటి గుట్టుగా కలిపి పెట్టించేవాడు. రంగు చూసి కన్ను నాలుకకి ఉప్పందిస్తుందని గ్లాసులు నల్లవి. ఏది మనది, ఏది పరాయిది, మనదాంట్లో తప్పేమిటి, పరాయిదాంట్లో ఒప్పేమిటి, అన్నీ చెప్పాలి. "తన కంపు తనకింపు అమ్మాయిలూ. పొద్దస్తమానం మనదే తాగుతూ కూచుంటే మన కంపే మనకి అత్తరైపోతుంది" అనేవాడు. నాన్న పోయాక అక్క ఆ పద్ధతికి నీళ్ళొదిలేసింది. పోతూ పోతూ ఆయన "నా నాలుక నీకొచ్చిందే పెద్దదానా" అన్నాడు మరి. ఆ నాలుక ఉండగా పరాయి గ్లాసు ఎందుకనుకుంది. ఆ మాట ఆయన అన్నప్పుడు మంచానికి రెండోవైపు చెల్లెలు కూడా నించునుంది. పాపం, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

అక్క కూచుంది. మొదటి గ్లాసు తీసి చుట్టూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుంది. పుక్కిట పట్టి, తొట్టిలో ఉమ్మింది. అంతసేపూ అలిగి ముడుచుకున్న మొహం మెల్లగా విచ్చుకుంది. ఏం చెప్పమంటారు, అది ఆవిడ విద్య!

"రీస్లింగ్. తెల్ల ద్రాక్ష. నిమ్మతొక్క గోటితో గిల్లినట్టుంది. పులుపు పళ్ళకి చురుక్కుమని తగిలి, వెనకాల తేనె వస్తుంది. కాస్త కిరసనాయిలు తగుల్తుంది చూడు, ఆ రకానికది గుణమే గానీ దోషం కాదు. చివర్న మన మట్టివాసన."

చెల్లెలు రెండోది జరిపింది.

"మెర్లో. పండి రాలడానికి సిద్ధంగా ఉన్న ఆల్‌బుఖారా పండు. మెత్తన. ఎవర్నీ నొప్పించదు. నాన్న దీన్ని మంచి కోడలు అనేవాడు కదూ, దేంతో కలిపినా సర్దుకుపోతుందని." అక్క పెదవుల మీదికి చిన్న నవ్వొచ్చింది. "చివర్న మట్టివాసన."

మూడోది తాగుతూనే కళ్ళు చిట్లించింది. "ఇదిగో, అత్తగారొచ్చింది. షిరాజ్. అప్పుడే దంచిన మిరియం, దాని వెనక పొగ. మనిషిని కూచోనివ్వదు. కానీ చివర్న చూడు, ఇందులోనూ మన మట్టే."

"నాలుగోది?"

"కాబర్నే. వాసనకే తెలిసిపోతుంది. నల్లద్రాక్ష తొక్క, కొత్తగా చెక్కిన పెన్సిలు. చిగుళ్ళు పట్టుకుని వదలని వగరు. పదేళ్ళు దాచినా చెడదు. మట్టివాసన అన్నిటికన్నా దీంట్లోనే ఎక్కువ." అక్క గ్లాసు దించి చెల్లెలి కళ్ళలోకి సూటిగా చూసింది. "చెప్పు, దేంట్లో ఉంది నీ బాగాలేనితనం?"

"నాలుగింటికీ చివర ఒకటే మాట చెప్పావక్కా."

"మట్టి ఒకటైతే మాట ఒకటవదా?"

"మట్టి ఒకటెక్కడ? రీస్లింగ్ కొండవాలున రాళ్ళ మడిలో కాస్తుంది. మెర్లో కాలవ పక్క బంకమట్టిలో. షిరాజ్‌ది ఎర్రనేల. కాబర్నేది ఇసక. నాలుగు రకాల మట్టికీ ఒకటే వాసనా?"

అక్క కాబర్నే గ్లాసు విసురుగా పక్కకి తోసింది. వాదం చేతకాకపోతే ఏం, కోపం ఉండనే ఉంది.

"నాకు తెలుసే నీ సంగతి. ఒక్కొక్క బేరం జారిపోతుంటే నేను గుడ్డిదాన్ననుకున్నావా? అక్కడెక్కడో వైన్లు పరీక్షించే ల్యాబులో కూచుని వాళ్ళకీ వీళ్ళకీ మన మీద పుల్లలు పెట్టింది నువ్వు కాదూ? నాన్న నాలుక నాకొచ్చిందని నీకు కడుపుమంట!"

చెల్లెలి మొహం పాలిపోయింది. అయినా ఇంకో మూడు నల్ల గ్లాసులు బల్ల మీద పెట్టింది. కింద ఉన్న చిన్న మట్టిజగ్గుల్లోంచి, అక్కకి కనపడకుండా వంగి, పోసింది.

"ఇవి మూడూ కాబర్నేయే. రెండు ఒకటే వైన్, ఒకటి వేరు. ఏది వేరో చెప్పు."

అక్కకి ఎంతసేపు పట్టాలి! ఒకదాని తర్వాత ఒకటి పుక్కిట పట్టి ఉమ్మి, మూడో గ్లాసు ముందుకి తోసింది. "ఇదే పరాయి గ్లాసు. మిగతా రెండూ మనవి, మట్టివాసన గుమ్మంటోంది. మూడోది చేసినవాడెవడో గట్టివాడే. ద్రాక్ష స్పష్టంగా ఉంది, వగరు పొందిగ్గా ఉంది. కానీ ఇందులో ఇల్లు లేదే. ఎవరిదిది?"

"మనదే అక్కా."

"ఏమిటీ?"

"మనదే. ఒకటే మడి, ఒకే రోజు కోసిన పళ్ళు. సగం రసం మాళిగలో పీపాలకి వెళ్ళింది. అక్కడ చోటు చాల్లేదని మిగతా సగం కొత్త షెడ్డులో స్టీలు ట్యాంకులో పోయించావు. పొద్దున్నే వెళ్ళి రెంటిలోంచీ తెచ్చాను. నువ్వు పరాయిదన్నది నీ వైనే. మాళిగ గాలి తగలనిది, అంతే తేడా."

అవతల పంపు అదేపనిగా మోగుతోంది. అక్క నవ్వబోయింది. "అయితే అది ఇంకా పచ్చిది. మాళిగలో ఉంటే గానీ మట్టి పలకదు."

చెల్లెలు ఇక వాదించలేదు. బల్ల కింద దాచిపెట్టిన మరో నల్ల గ్లాసు తీసింది. దాని మీద మూతలా చిన్న పళ్ళెం ఉంది. "ఈ ఒక్కటీ చెప్పక్కా. ఇంకేమీ అడగను."

పళ్ళెం తీసీ తియ్యగానే అక్క మొహం వెలిగింది. ఎంత బాగా తెలిసిన వాసన! కళ్ళు మూసుకుని గుండెనిండా పీల్చింది. "ఇది... ఇది మన పాతది. ఇంత చిక్కగా ఇంకే పీపాలోనూ లేదు. ఎక్కడ దొరికిందే నీకు? ఇదే చెల్లీ, ఇదే నే చెప్పే మట్టి." అని ఆత్రంగా ఒక గుక్క పుచ్చుకుంది.

పుక్కిట పట్టింది. ఉమ్మలేదు, మింగలేదు. పులుపు లేదు, తీపి లేదు, వగరు లేదు. నీళ్ళు!

వట్టి మంచినీళ్ళు.

గ్లాసు వంచి చూసింది. అడుగున వేలెడు చెక్కముక్క నానుతోంది.

"మాళిగ దూలం లోంచి చెక్కాను. మూడ్రోజులు నానబెట్టినదేం కాదు, రాత్రి వేశాను, పొద్దుటికింత" అంది చెల్లెలు. "అది మట్టి కాదక్కా. ముక్కిన వాసన. తడిసి ఆరని అట్టపెట్టె వాసన. నాలుగు ద్రాక్షల్లోనూ నువ్వు చివర్న చెప్పింది దీన్నే."

అక్క నోట్లో నీళ్ళు తొట్టిలో ఉమ్మేసి, ఆ గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇప్పుడు వచ్చింది. అట్టపెట్టె, మూల పడేసిన తడిగుడ్డ, మూత తియ్యని డబ్బాలో పురుగుపట్టిన బియ్యం. కళ్ళు తెరిచాక చూడనట్టు ఉండటం ఎవరి తరం? ఆత్రంగా మెర్లో గ్లాసు లాక్కుంది, అందులోనూ అదే. షిరాజ్‌లో మిరియం చచ్చిపోయి అదే. కాబర్నేలో పెన్సిలు లేదు, గిన్సిలు లేదు, అదే. ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళందరికీ తన చేత్తో పోసి, "మా మట్టండీ ఇది, ఇంకెక్కడా దొరకదు" అని గొప్పలు పోయింది. వాళ్ళు మొహమొహాలు చూసుకుని, మర్యాదకి తల ఊపి, మళ్ళీ రాలేదు.

"అయితే వాళ్ళంతా..."

"నేనెవరికీ ఏమీ చెప్పలేదు అక్కా. అసలు నాకే తెలీదు. పోయిన నెల మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెబుతున్నారు. చెడిపోయిన వైన్ ఎలా ఉంటుందో చూపించడానికి ఒక సీసా తెచ్చారు. పైన కాగితం పీకేశారు. కానీ ఆ సీసా మెడ నాన్న ఏరి కోరి పోతపోయించింది, నాకు తెలీదూ? ఒక్కొక్కళ్ళే వాసన చూసి మొహం పక్కకి తిప్పుకుంటున్నారు. నా వంతు వచ్చింది." చెల్లెలు ఇక ఆపుకోలేకపోయింది. "నేనూ తిప్పుకున్నాను. నా ఇల్లని తెలిసి కూడా తిప్పుకున్నాను."

అక్క బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. అన్నీ పోయినవాళ్ళకి కన్నీళ్ళు కూడా చప్పున రావు. పక్కింటివాళ్ళ సంగతి అడిగినట్టు అడిగింది, "ఎలా వచ్చింది?"

"మాళిగ దేంతో కడుగుతున్నావు?"

"బ్లీచింగ్ పౌడరుతో. దానికేం, నాన్న కంటే శుభ్రంగానే ఉంచుతున్నాను!"

నాన్న వేణ్ణీళ్ళతో కడిగి గంధకం పొగ వేసేవాడు. అంతకుమించి చేసేవాడు కాదు. ఆయన చనిపోయిన ఏడాది ముక్కాయన మాళిగలోంచి పైకి వస్తూ భుజం మీది సాలెగూడు దులుపుకుని, "ఆడకూతురు చూసుకునే మాళిగ ఇలాగా ఉండేది?" అని నవ్వాడు. సరదాకే అన్నాడు. అక్కకి తల కొట్టేసినట్టైంది. ఆ వారం నుంచీ చీర ఎగ్గట్టి, నేలా గోడా దూలాలూ పీపాల మొహాలూ తనే బ్లీచింగ్ నీళ్ళతో రుద్దింది. చేతులు పగిలి తెల్లగా పాలిపోయాయి. మాళిగలో నేల మీద అన్నం వడ్డించుకు తినచ్చు అని తాత మెచ్చుకుంటే మురిసిపోయింది.

"అదే అక్కా కొంప ముంచింది" అంది చెల్లెలు మెల్లగా. "చెక్కలో ఎక్కడో కాస్త బూజుంటుంది. ఉండనివ్వాలి, దాని మానాన అది ఉంటుంది. దానికి బ్లీచింగ్ తగిలిందంటే ఈ వాసన పుడుతుంది. గాలికి పడుతుంది, పీపాకి పడుతుంది, వైన్‌కి పడుతుంది. పోగొట్టాలని నువ్వు కడిగిన కొద్దీ పెరుగుతుంది."

అక్క తన చేతులకేసి చూసుకుంది. మందలో తోడేలు పడలేదు, మబ్బు విరగబడి వడగళ్ళు కురవలేదు, పగవాడెవడూ నిప్పు పెట్టలేదు. నాన్న కట్టిన ఇంటిని ఈ రెండు చేతులే, వారం తప్పకుండా, ప్రేమగా, రుద్ది రుద్ది చంపేశాయి. బతికి ఉండటం దండగ అనిపించింది ఆవిడకి. నిజంగానే అనిపించింది, ఊరికే అనుకునే మాట కాదు.

"నిన్నెన్ని మాటలన్నానే" అంది.

చెల్లెలు బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పక్కన మోకాళ్ళ మీద కూచుని, ఆ పగిలిన చేతులు పట్టుకుంది. "అవన్నీ తర్వాత ఏడుద్దాం. ఇప్పుడు విను. మాళిగలోది ముక్కాయనకి ఒక్క చుక్క చూపించకు. కొత్త షెడ్డులోది ఉంది కదా? చెక్క తగల్లేదు, బ్లీచింగ్ తగల్లేదు. అచ్చం నాన్న చేసినట్టుంది, ఒట్టు. ఆయన ముందు అదొక్కటే పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెబుదాం. ఈ ఏటికి ఆ ట్యాంకు చాలు. మాళిగ దూలాలు పీకించేద్దాం, నేనిక్కడే ఉంటాను. అక్కా? ఏమిటలా చూస్తున్నావు?"

అక్క చెల్లెల్ని చూడటం లేదు. తల ఓ పక్కకి వంచి పంపు మోత వింటోంది.

"పీపాల్లోకి తోడమన్నాను" అంది.

"ఏ పీపాల్లోకి?"

"కొత్తవాటిలోకి. ముక్కాయన కంటికి నిండుగా ఉంటుందని, ట్యాంకులోదంతా."

"తోడితే తోడాడులే. కొత్త పీపాలే కదా?"

"కడిగి తోడమన్నాను."

దేంతో అని చెల్లెలు అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. ఇద్దరూ ఒక్కసారే లేచారు. కుర్చీ వెనక్కి పడిపోయింది. "తాతా! తాతా, ఆపు!" అని అక్క పెట్టిన కేక ఊరవతలికి వినపడే ఉంటుంది. వినాల్సిన చెవికే వినపడలేదు.

వాళ్ళు గుమ్మం దాటకముందే పంపు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో చెప్పుల చప్పుడు చేసుకుంటూ తాత వచ్చాడు. తడి చేతులు పంచెకి తుడుచుకుంటున్నాడు. మొహంలో పనైపోయిన మనిషి తృప్తి. "అయిపోయింది పెద్దమ్మాయ్! పొద్దుట్నించీ తోడుతూనే ఉన్నా, ట్యాంకులో చుక్క మిగల్చలేదు. పెద్దమనిషి వస్తున్నాడు కదాని బ్లీచింగ్ ఇదివరకటి కంటే రెట్టింపు ఘాటుగా కలిపి పీపాలు కడిగాను. లోపలికొచ్చి చూడండి, ఎంత శుభ్రమైన వాసనో!"

"వెనక్కి తోడేద్దాం" అంది అక్క చెల్లెలి భుజం పట్టుకుని ఊపేస్తూ. "ఇప్పుడే తోడేద్దాం, ఏమంటావు? ఏదో ఒకటి చెప్పు!"

"పొద్దుట్నించీ నానుతోంది కదక్కా. తగిలింది తగిలినట్టే" అంది చెల్లెలు.

వీళ్ళ మొహాలు చూసి తాతకి ఏమీ అర్థం కాలేదు. ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలిసి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని నించున్నాడు. ఆయన్ని ఏమని తిట్టగలరు? చెప్పిన పని చెప్పినట్టు చేశాడు.

గేటు దగ్గర కారు హారన్ రెండుసార్లు మోగింది. అది ముక్కాయన పద్ధతి. నాన్న ఉన్నప్పటి నుంచీ అంతే.

అక్క వెనక్కి తిరిగి రుచిగదిలోకి వచ్చింది. పడిపోయిన కుర్చీ లేపి నిలబెట్టింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బల్ల కింద చెల్లెలు పెట్టిన మట్టిజగ్గులు రెండున్నాయి. ఒక దాంట్లో మాళిగ వైన్. రెండో దాని అడుగున, పొద్దున్నే ట్యాంకులోంచి తెచ్చిన మంచి కాబర్నే కాస్త మిగిలుంది. ఒక్క మనిషి రుచి చూడ్డానికి సరిగ్గా సరిపోతుంది. నాన్న తీగల్లో కాసిన మంచి వైన్ ఇక లోకం మొత్తం మీద అంతే.

అక్క ఆ జగ్గు బల్ల మీద పెట్టింది. దాని పక్కనే శుభ్రమైన గ్లాసొకటి పెట్టింది.

"అక్కా, వద్దు" అంది చెల్లెలు. "మంచిది రుచి చూపించి ముక్కిందాన్ని అంటగడతావా? ఆయన నాన్న స్నేహితుడక్కా."

"తీగలు పీకేస్తారే" అంది అక్క.

గుమ్మంలో నీడ పడింది. ముక్కాయన చేతికర్ర గోడకి ఆనించి, అలవాటుగా గాలి పీల్చి, బల్ల మీది గ్లాసు చూసి నవ్వాడు. "ఏం పెద్దమ్మాయ్, ఈ ఏడు మాకేం రుచి చూపిస్తున్నావు?"

"మాళిగలోదేనండీ" అంది అక్క, చెల్లెలి మొహంవైపు చూడకుండా జగ్గు వంచుతూ.